నేస్తం కాయితం

మా అత్త పేరు గున్నమ్మ. ఆవిడ నేస్తం పేరు అసిరమ్మ. ఈ రెండు పేర్లూ పక్కపక్కన రాయాలంటే నాకే జంకుగా ఉంది. కోడలు అత్త పేరు పలకకూడదన్నది ఎక్కడైనా ఉన్నదే. మా వైపు ఇంకోటి కూడా ఉంది. నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు చచ్చినా పలకరు. చిన్నప్పుడు అమ్మవారి పండగలో పసుపు కుంకాలు మార్చుకుని, ఒకే ఆకులో అటుకులూ బెల్లం తిని నేస్తం కట్టుకుంటారు. ఇక ఆ రోజు నుంచి పిలుపు "నేస్తం", జవాబు "నేస్తం". నోరు జారి ఎవరైనా పేరు పలికితే నేస్తం తెగిపోయినట్టే. తెగకూడదంటే పలికిన మనిషి తప్పు కట్టాలి. ఆ తప్పు ఏమిటన్నది రెండో మనిషి ఇష్టం. కోక అడిగితే కోక, కోడి అడిగితే కోడి. కాదనడానికి వీల్లేదు.

విజయనగరంలో స్కూల్ ఫైనల్ దాకా చదివి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను దీనికి నవ్వేదాన్ని. తర్వాత ఆలోచించుకుంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను మా ఆయన పేరు ఒక్కసారైనా పలికిన పాపాన పోలేదు. అందుకని నవ్వడం మానేశాను.

ఇంతకీ గొడవంతా వచ్చింది ఇంజను వల్ల. అరవై ఎనిమిదో సంవత్సరం అది. అంతకు ముందు రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. నౌపడ స్టేషనుకి ఇవతల, ఉప్పు మళ్ళు దాటాక మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. అందులో నుయ్యి ఉంది. నూతిలో నీళ్ళూ ఉన్నాయి. కాకపోతే ఏతానికి అందవు. మిరప తోట నీళ్ళ పక్కనే నిలబడి దాహంతో చస్తోంది. సరిగ్గా అప్పుడు మా ఆయనకి ఆయిలింజను పిచ్చి పట్టింది. శ్రీకాకుళంలో ఎవరో ఆడించి చూపించారట. నిద్దట్లో కూడా "డుబుడుబుడుబు" అనేవారు. సొసైటీ వాళ్ళు సగం ధర అప్పుగా ఇస్తామన్నారు. మిగతా పదిహేను వందలూ నెలాఖరులోగా మేం రొక్కం చూపించాలి. చూపించకపోతే ఆ ఇంజను జాబితాలో మా తర్వాత ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది.

మా ఇంట్లో పదిహేను వందలు ఎక్కడివి? ఉన్నదల్లా ఒక తనఖా కాయితం.

ఐదేళ్ళ కిందట అసిరమ్మత్త మొగుడూ కొడుకూ కొత్త నావ కట్టించుకున్నారు. ఆ డబ్బు అప్పిచ్చింది మా అత్తే, తన పుట్టింటి వాటా అమ్మగా వచ్చినదాంట్లోంచి. నేస్తానికి కాయితం ఏమిటని మా అత్త, కాయితం లేకపోతే డబ్బు ముట్టనని అసిరమ్మత్త, దాని మీద ఇద్దరూ కొన్నాళ్ళు మాటలు మానేశారు. చివరికి అసిరమ్మత్త మాటే నెగ్గింది. భావనపాడులో తన తల్లి ఇచ్చిన కొబ్బరితోటని తనఖా రాసి రిజిస్టరు చేయించింది. ఆ రాతకోతలన్నీ అప్పుడు బతికున్న మా మావగారే చూసుకున్నారు. ఏడాదికో కిస్తీ. వేట బాగా పడ్డ రోజుల్లో అసిరమ్మత్త గంప నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. గంపలో పైన చేపలు, అడుగున గుడ్డలో మూటకట్టిన కిస్తీ. అందుకని మా ఇంట్లో నోట్లు ఎప్పుడూ నెత్తళ్ళ వాసన కొట్టేవి.

ఆ కాయితం మీద ఇంకా రెండు వేలు రావాలి. రావడానికి ఇంకా ఐదేళ్ళు పడుతుంది. మాకేమో పదిహేను వందలు ఈ నెలలోనే కావాలి.

"కాయితం మేడోవరు సేసీద్దామే అమ్మా," అన్నారు మా ఆయన ఒకరోజు అన్నం దగ్గర. మేడోవరంటే రావలసిన బాకీని కాయితంతో సహా ఇంకొకరికి అమ్మేసి, ఇంత అని ఒక్కసారిగా రొక్కం పుచ్చుకోవడం. ఆ తర్వాత కిస్తీలన్నీ కొన్నవాడికే కట్టాలి. "నౌపడలో జగన్నాధం గారు కొంతానన్నారు."

మా అత్త ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. జగన్నాధం గారు ఉప్పూ కొబ్బరీ వ్యాపారం చేస్తారు. కాయితాలు ఎందుకు కొంటారో మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఒక్క కిస్తీ ఆలస్యమైతే చాలు, కోర్టుకి వెళ్ళి, తోట వేలం వేయించి, ఆ వేలంలో తనే పాడుకుంటారు. ఆయన తోటలన్నీ అలా వచ్చినవే. సముద్రం మీద బతికేవాళ్ళకి కిస్తీ ఒక నెల అటూ ఇటూ కాకుండా ఉంటుందా? ఆలస్యమైనప్పుడు మా అత్త నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. జగన్నాధం గారు తిట్టరు. ఆయన నోట చెడ్డమాట అన్నది రాదు. భయం అక్కడే.

"దాని తోట పోతాదిరా చినబాబూ," అంది చివరికి మా అత్త.

"కిస్తీ కడితే ఎందుకు పోతాది? నూతిలో నీళ్ళెట్టుకుని నా పిల్లలు అంబలి తాగి బతకాలేటి?"

మా అత్త కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. ఇద్దరు పిల్లల తల్లిని, నాకూ ఇంజను కావాలనే ఉండేది. అలాగని అసిరమ్మత్త తోట పోవాలనీ లేదు. అటు ఒకసారి, ఇటు ఒకసారి పొర్లి పడుకునేదాన్ని.

జగన్నాధం గారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. పొడుం పీల్చి, ముక్కు తుడుచుకుని, "మీ పార్టీ ఎలాటిదమ్మా?" అని అడిగారు. ఆయన లోకంలో మనుషులుండరు, అందరూ పార్టీలే.

నేస్తాన్ని పొగిడే అవకాశం దొరకడమే ఆలస్యం, మా అత్త అందుకుంది. "బంగారం బాబూ. ఇన్నేళ్ళలో ఒక్క కిస్తీ ఎగ్గొట్టనేదు. తిండి మానేసైనా కడతాది. కొడుకు మా గట్టోడు. నావ కొత్తది."

"అలాగేటి?" అని జగన్నాధం గారు దిగులుగా తలాడించారు. "అయితే వెయ్యి రూపాయలిస్తానమ్మా."

మా ఆయన ఉలిక్కిపడ్డారు. "రెండు వేల కాయితమండీ బాబూ!"

"కాదన్నానేటి? ఇంత మంచి పార్టీ అయితే నాకేటి మిగుల్తాది సెప్పు. కిస్తీ ఎనకాల కిస్తీ కట్టుకుంటా పోతాది. అయిదేళ్ళు నాను ఎదురు సూస్తా కూకోవాల. అదే కొంచెం సెడ్డ పార్టీ అయితే మంచి రేటు ఇద్దును."

అప్పు సరిగ్గా తీర్చే మనిషికి ధర తక్కువని నేను చదివిన ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. మా అత్తకి మాత్రం వెంటనే అర్థమైంది. అర్థమైంది కాబట్టి మాట మారుస్తుందని మా ఆయన ఆశపడ్డారు. ఆవిడ ఇంకాస్త ఎక్కువ పొగిడింది. నేస్తం మాటిస్తే మాటేనంది. దానికి ఇంత ముందుచూపు ఉండబట్టే ఆ ఇల్లు అలా వెలుగుతోందంది. మా ఆయన వెనక నుంచి కొంగు పట్టుకు లాగుతున్నారు. ఆవిడ కొంగు విదిలించుకుని, నేస్తం మొగుడు అప్పలసూరి కల్లు ముట్టడని కూడా చెప్పేసింది. అది మాత్రం పచ్చి అబద్ధం.

"తొమ్మిదొందలు," అన్నారు జగన్నాధం గారు, ఎవరో పోయినంత బాధగా. "పోనీ ఒకసారి తోట సూసొద్దాం. సూస్తే నా మనసు మారుతాదేమో."

మర్నాడు బండి కట్టుకుని భావనపాడు బయల్దేరాం. మా అత్త, మా ఆయన, నేను, జగన్నాధం గారు. మేం వస్తున్న కబురు మాకంటే ముందే అక్కడికి చేరింది. చేపలమ్మే ఆడవాళ్ళు ఊరూరా తిరుగుతూ ఉండగా గవర్నమెంటు వారు తంతి స్తంభాలు ఎందుకు పాతారో నాకు తెలియదు.

అసిరమ్మత్త వాకిట్లో కూలబడి ఉంది. మామూలుగా ఆవిడ ఎర్రంచు కోక కట్టి, ముక్కుకి రెండువైపులా బంగారు పుడకలు మెరుస్తూ మహారాణిలా ఉంటుంది. ఆ రోజు చిరుగుల కోక. జుట్టు విరబోసుకుంది. ముక్కు బోసిగా ఉంది. చూరుకి ఒక వల వేలాడుతోంది. వల అన్నాక కన్నాలుంటాయి గానీ, దానికి మనిషి దూరేంత కన్నాలున్నాయి. గుమ్మంలో కొడుకు గంగులు దుప్పటి ముసుగేసుకుని మూలుగుతున్నాడు. తెల్లవారగట్ల వేటకి వెళ్ళి వచ్చిన తడి గోచీ దుప్పటి కింద నుంచి కనబడుతూనే ఉంది.

"ఓలమ్మో! అయిపోనాం బాబూ, అయిపోనాం!" అని జగన్నాధం గారిని చూడగానే రాగం అందుకుంది అసిరమ్మత్త. "నావ పగిలిపోనాది. గుంటడికి జొరం. ఈ యేడు కిస్తీ మాట దేవుడెరుగు, నాలుగు గింజలకే గతి నేదు!"

జగన్నాధం గారి మొహం వెలిగింది. "అయ్యయ్యో! అలాగేటి తల్లీ?"

మా అత్తకి ఒళ్ళు మండిపోయింది. "అబద్దం! దాని మాటలు నమ్మకండి బాబూ. నావ ఒడ్డునే ఉన్నాది. వస్తా వస్తా సూసినాను, నిగనిగలాడతన్నాది."

"అది మాది కాదు."

"నీది కాదేటి? దానికి బొట్లెట్టింది నువ్వు కాదేటి?"

"ఎవులి నావకైనా ఎడతాను. నాకు కూడు నేదంతే నీకేటి నొప్పి?"

"నీ వంటింట్లోంచి సందువాల పులుసు వాసన వస్తన్నాది. కూడు నేదేటి?"

"అది పక్కింటి పులుసు!"

ఒకావిడ నేను నాశనమైపోయానంటుంది. రెండో ఆవిడ నువ్వు నిక్షేపంలా ఉన్నావంటుంది. దీవించుకుంటున్నారో శపించుకుంటున్నారో చుట్టూ చేరిన జనానికి తెలియలేదు. జగన్నాధం గారు మా అత్త వైపు తిరిగినప్పుడు వెయ్యికి దిగుతున్నారు, అసిరమ్మత్త వైపు తిరిగినప్పుడు పదిహేను వందలకి ఎక్కుతున్నారు. చివరికి తోటలోకి నడిచి చెట్లు ఒక్కొక్కటే తలెత్తి చూశారు. గెలలు విరగ కాసి ఉన్నాయి. తోట మంచిది, పార్టీ చెడ్డది, ఇంతకంటే ఆయనకి ఏం కావాలి? నక్కని తొక్కి వచ్చాననుకుని, "పదారొందలు!" అని, అక్కడికక్కడే వంద రూపాయలు బయానా తీసి మా ఆయన చేతిలో పెట్టారు. బాకీ ఇంకా ఎంతుందో ఒప్పుకుంటూ అసిరమ్మత్త కూడా రిజిస్ట్రాఫీసుకి వచ్చి వేలిముద్ర వెయ్యాలన్నారు. ఆవిడ ఏడుస్తూ సరేనంది.

నేను ఆవిడ వెనకే పెరట్లోకి వెళ్ళాను. కళ్ళు తుడుచుకుని, పక్కింటి పులుసు తన పొయ్యి మీంచి దించుకుంటోంది.

"అత్తా, నీకు మతి పోయిందా? ఆయన చేతిలో కాయితం పడితే నీ తోట దక్కుతుందా?"

"దక్కదు. నాకెరక."

"మరి ఆ ఏడుపులేమిటి?"

"తొమ్మిదొందలకి ఇంజను వస్తాదేటే కోడలా? ఎలాగూ అమ్ముతాది, అమ్మిందేదో మంచి రేటుకి అమ్ముకోనీ. నా నేస్తం పొలం ఎండబెట్టుకుని ఏడుస్తా ఉంటే, నాను కొబ్బరిసెట్ల నీడన కాళ్ళు సాపుకుని కూకోనా?"

"అమ్మొద్దని ఒక్క మాట అడిగి చూడు. నువ్వు అడిగితే మా అత్త..."

"మానేస్తాది," అంది అసిరమ్మత్త. "అందుకే అడగను. నువ్వూ సెప్పకు."

పిల్లలకని నాలుగు సందువా చేప ముక్కలు గిన్నెలో వేసి నా చేతికిచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ తోట వైపు వీపు పెట్టే నిలబడింది. ఆ చెట్లు మొక్కలుగా ఉన్నప్పుడు ఆవిడ తల్లి నూతి నుంచి కుండలతో నీళ్ళు మోసి పోసి బతికించిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. గిన్నె పుచ్చుకుని వచ్చేశాను.

జగన్నాధం గారు ఇంకో బేరం చూసుకోవడానికి అక్కడే ఉండిపోయారు. తిరుగు బండిలో మా అత్త గొణుగుతూనే ఉంది. "ఒద్దే, అమ్మకే, అని ఒక్క ముక్క అంతే దాని సొమ్మేటి పోనాది? పదేళ్ళప్పుడు కట్టుకున్న నేస్తం. ఆడి ముందర ముక్కుపుడకలు తీసి ఏడుస్తాది గానీ నన్ను అడగడానికి నామోషీ. నాను అంత పరాయిదాన్ని అయిపోనానేటి?"

ఆవిడ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. ఒళ్ళో సందువా ముక్కల గిన్నె వెచ్చగా తగిలి ఊరుకున్నాను.

మా ఆయనకి ఈ బాధలేవీ లేవు. బయానా వంద పెట్టి ఆ సాయంత్రమే ఇంజనుకి కావలసిన రబ్బరు గొట్టం కొనేశారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంజను లేని గొట్టం మా దొడ్లో కొండచిలువలా చుట్ట చుట్టుకుని పడుకుంది. పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకున్నారు.

అనుకున్న రోజుకి అందరం టెక్కలి రిజిస్ట్రాఫీసుకి చేరాం. బేరం కుదిరిపోయింది కదా అని అసిరమ్మత్త ఎర్రంచు కోకతో, పుడకలతో దర్జాగా వచ్చింది. జగన్నాధం గారు ఆవిడని చూసి ఒక్క క్షణం అనుమానపడ్డారు, కానీ పత్రం అప్పటికే రాయించేశారు. నేస్తాలిద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు.

రిజిస్ట్రారు గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. మర్యాదస్తుడు. మా అత్తని ముందుకు పిలిచి కుర్చీ వేయించారు.

"పత్రం మీకు చదివి వినిపించారాండీ?"

"ఇనిపించారు బాబూ."

"ఏం అమ్ముతున్నారు?"

"తనకా కాయితం."

"ఆ తనఖా మీకు రాసిచ్చింది ఎవరండీ?"

"నా నేస్తం."

"పేరు చెప్పండి."

మా అత్త నోరు మూసుకుంది. రిజిస్ట్రారు కలం పట్టుకుని ఎదురు చూశారు. "కాయితంలో ఉన్నాది బాబూ, సదువుకోండి," అన్నారు జగన్నాధం గారు.

"నాకు చదవడం వచ్చండి. ఆవిడ తెలిసే అమ్ముతున్నారని నేను ఆవిడ నోటంట వినాలి."

"అదిగో, ఆ కూకున్నదే," అని మా అత్త బెంచీ వైపు గెడ్డంతో చూపించింది. "భావనపాడు. మొగుడు అప్పలసూరి. కొడుకు గంగులు. మాటకి మాట అంటాది. సందువాల పులుసు బాగా వండుతాది."

"ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, పేరండీ?"

మా ఆయన ముందుకు వెళ్ళి మా వైపు ఆచారం వివరించారు. రిజిస్ట్రారు శ్రద్ధగా విన్నారు. మంచివాడని చెప్పాను కదా, ఒక ఉపాయం చెప్పారు. "సరే, మీరు పలకొద్దు. నేనే పలుకుతాను. ఈ తనఖా రాసిచ్చింది అసిరమ్మ. దాన్ని మీరు జగన్నాధం గారికి అమ్ముతున్నారు. అవును అనండి, చాలు."

జగన్నాధం గారు ఊపిరి పీల్చుకున్నారు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మా అత్త మాత్రం రాయిలా కూర్చుంది. అవును అనడానికి ఏ ఆచారం అడ్డమొచ్చింది? నేస్తం పేరు అందులో లేదు కదా. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకి పలకడం ఇష్టం లేనిది పేరు కాదని. బెంచీ మీద కూర్చున్నావిడకి కూడా అదే తెలిసినట్టుంది. దిగ్గున లేచింది.

"ఒసే గున్నమ్మా!"

ఆఫీసులో మా వైపు వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బంట్రోతు నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. 

"ఇన్నావా గున్నమ్మా? పిలిసీసినాను. నేస్తం తెగిపోనాది. ఇంక నాను నీకేటీ కాను. అవునని సెప్పి డబ్బు తీసుకుని పోయి ఇంజను కొనుక్కో!"

మా అత్త మెల్లగా లేచి వెనక్కి తిరిగింది. నేస్తం కట్టుకున్నాక ఆ నోటి నుంచి తన పేరు వినడం ఆవిడకి అదే మొదలు. కొడుతుందేమోనని నేను భయపడ్డాను.

"తెగనేదు," అంది. "తప్పు కట్టు."

"కట్టను. తెగనీ."

"అడిగినాక కాదనడానికి నేదు. నీకూ ఎరకే."

"ఏటి కావాల? కోకా? కొబ్బరికాయలా? బేగి సెప్పి ఆ ముద్దర ఎయ్యి."

"అమ్మొద్దని నన్ను అడుగు."

అసిరమ్మత్త బిత్తరపోయింది. ఏ వేషం వేసినా చెదరని ఆ మొహం ఒక్కసారిగా పసిపిల్ల మొహమైపోయింది. "ఇంకేటైనా అడుగు," అంది.

"ఇంకేటీ నాకొద్దు."

"ఈ పుడకలడుగు. తీసిచ్చీస్తాను."

"నాకు ముక్కులు నాలుగున్నాయేటి? అడుగు."

"నీ పిల్లలేటి తింతారే?"

"నా పిల్లల సంగతి నాను సూసుకుంతాను. నీ తోట సంగతి నువ్వు అడుగు. నన్ను కాక ఎవుల్ని అడుగుతావే నువ్వు?"

అసిరమ్మత్త రిజిస్ట్రారు గారి బల్ల అంచు పట్టుకుంది. అరిచే మనిషి, ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "అమ్మకే," అంది. "మా యమ్మ కుండల్తో నీళ్ళు మోసిన తోట. దాన్ని ఆడి సేతిలో ఎట్టకే నేస్తం."

అని ముక్కు చీదింది. మా అత్త కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుని రిజిస్ట్రారు వైపు తిరిగింది.

"అడిగింది గదా బాబూ. ఇంకెలాగ అమ్ముతాను?"

రిజిస్ట్రారు కలం మూత పెట్టేశారు. జగన్నాధం గారు మాత్రం లేచి నిలబడ్డారు. ఆయన నోట చెడ్డమాట రానిది నిజమే గానీ, ఆ రోజు చాలా దగ్గరకి వచ్చి ఆగింది. "నా బయానా మాటేటమ్మా? వంద రూపాయలు!"

మా ఆయన నేల చూశారు. ఆ వందా దొడ్లో గొట్టమై పడి ఉంది. అసిరమ్మత్త కళ్ళు తుడుచుకున్న చేత్తోనే రొంటిన ఉన్న మూట విప్పి, పది రూపాయల నోట్లు తీసి జగన్నాధం గారి ముందు పెట్టింది. "ఇది నా కిస్తీలో తగ్గించుకోయే నేస్తం," అని మా అత్తకి చెప్పింది.

జగన్నాధం గారు చేప వాసనకి మొహం అటు తిప్పుకుని, నోట్లు రెండు వేళ్ళతో ఎత్తి చూశారు. "నాలుగు గింజలకి గతి నేదన్నావు గదమ్మా?"

"అప్పుడు బేరంలో ఉన్నాం గద బాబూ," అంది అసిరమ్మత్త.

ఇంజను జాబితాలో మా తర్వాతవాళ్ళకి పోయింది. ఆ యేడు మిరప సగమే దక్కింది. పక్క పొలంలో వాళ్ళ ఇంజను డుబుడుబుమన్నప్పుడల్లా మా ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవారు. మా అత్త ఒక్కసారైనా నిట్టూర్చలేదని చెబితే అబద్ధమవుతుంది. అదంతా తర్వాత. ఆ రోజు మాత్రం అసిరమ్మత్తని మా బండిలోనే ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాం. మా ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా ఎద్దుల్ని తోలుతున్నారు. వెనక నేస్తాలిద్దరూ ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు.

"ఈసారి కిస్తీ బేగి కడతానే," అంది అసిరమ్మత్త.

"నీకు కుదిరినప్పుడు కట్టు. ఎవులడిగారు నిన్ను?" అంది మా అత్త.

నాకు ఇంజను పోయినందుకు ఏడుపూ, తోట మిగిలినందుకు ఏడుపూ కలిసి వచ్చాయి. మొహం రోడ్డు వైపు తిప్పుకుని రెండిటికీ కలిపి ఒకేసారి ఏడ్చేశాను.